చేవగల కలప, చేయి తిరిగిన వడ్రంగి

ఇంట్లో చెక్క నేల వేయించుకోవాలని సలహా అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో కొత్త ఫ్లాట్లకు వెళ్లి చూడండి, ఒక పడకగదికో చదువుకునే గదికో వుడెన్ ఫ్లోరింగ్ కనిపిస్తుంది. అందులోనూ పొడవాటి పలకలు వరసగా పరిచే పద్ధతి మీద మోజు తగ్గింది. ఇప్పుడందరూ అడుగుతున్నది హెరింగ్‌బోన్. చిన్న చిన్న చెక్క ముక్కలను అడ్డంగా, నిలువుగా ఒకదాని పక్కకు ఒకటి ఆనించి, తడిక అల్లికలాగా గదంతా పేర్చుకుపోయే పని అది.

అడిగినవారందరికీ నేను చెప్పే మాట ఒక్కటే. మన ఉక్కలో, మన వానల్లో కూడా అసలు చెక్క నేల నిలుస్తుంది. దాన్ని నిలబెట్టేవి మూడు: ఆరిన కాంక్రీటు, ఆరిన కలప, తొందరపెట్టకుండా పని చేయనిచ్చిన వడ్రంగి. ఈ మూడింటికీ డబ్బు కన్నా వ్యవధి ఎక్కువ కావాలి. మనవాళ్లు డబ్బు ఇస్తున్నారు గానీ వ్యవధి ఇవ్వడం లేదు. నేలలు లేచిపోతున్నది అందువల్లే.

రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా సిమెంటు, ఇటుక, ఇనుముతోనే గడిచింది. చెక్క నేలను దగ్గరుండి వేయించింది మాత్రం రాజమహేంద్రవరంలో మా ఇంటి మేడ మీద గదిలో. కోనసీమలో మా నాన్నగారి తరం కట్టుకున్న మండువా లోగిలి కూలిపోయే స్థితికి వస్తే, అన్నదమ్ములం అక్కచెల్లెళ్లం కలిసి దాన్ని విప్పించాం. దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు, అన్నీ టేకు. పాత కలప కొనేవాళ్లు వచ్చి మొత్తానికి గుత్తగా ఒక ధర చెప్పారు. నా వాటాకు వచ్చిన దూలాలు నేను అమ్మలేదు. వాటితోనే గది నేల వేయించాను. ఆ పని చూశాకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు షాపుల సంగతి చెప్పాలి. షోరూముకు వెళ్లి వుడెన్ ఫ్లోరింగ్ అని అడిగితే ఒకే పేరు మీద నాలుగు రకాలు చూపిస్తారు. లామినేట్ అంటే కలప పొట్టును అదిమి చేసిన అట్ట మీద చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, దానిపైన పారదర్శకమైన పొర. ఎస్‌పీసీ అంటే సున్నపురాయి పొడి, ప్లాస్టిక్ కలిపిన పలక. ఈ రెండింటిలోనూ పాదానికి తగిలే చెక్క లేదు. ఇంజనీర్డ్ వుడ్‌లో పైన కొన్ని మిల్లీమీటర్లు అసలు చెక్క, కింద ఒక పొర అడ్డంగా, ఒక పొర నిలువుగా అతికించిన ప్లై ఉంటాయి. తేమకు తక్కువ కదులుతుంది కాబట్టి కోస్తాలో అది మంచి ఎంపికే. నాలుగోది, పై నుంచి కింద దాకా ఒకే కలప అయిన సాలిడ్ వుడ్. ముప్పావు అంగుళం మందం ఉన్న సాలిడ్ ముక్కను గీతలు పడ్డప్పుడల్లా పైపైన అరగదీసి మళ్లీ పాలిష్ పెట్టుకోవచ్చు. లామినేట్‌ను ఒక్కసారి అరగదీసినా బొమ్మ పోయి అట్ట బయటపడుతుంది.

లామినేట్ వాడకూడదని నేను అనను. అద్దె ఇంటికి, చిన్న బడ్జెట్‌కు అది సరిపోతుంది. కానీ కొనేవారికి తాము కొంటున్నది ఏమిటో తెలియాలి. పైపొర అసలు చెక్క అవునా కాదా, అయితే ఎన్ని మిల్లీమీటర్లు, ఏ చెట్టుది అన్నది ప్రతి పెట్టె మీదా తెలుగులో ముద్రించి ఉండాలి. నూనె ప్యాకెట్ మీద ఏ గింజ నూనో రాయించుకుంటున్నాం. లక్షల రూపాయల నేలకు ఆ పాటి వివరం అడగడంలో తప్పులేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ విషయం పట్టించుకోవాలి.

ఇక ముక్కల నేల ఎందుకు మేలన్న సంగతి. చాలామంది దీన్ని అందం కోసమే అనుకుంటారు. పనివాడి లెక్క వేరు. పాత దూలం నిండా మేకుల రంధ్రాలు, వాసాలు కూర్చున్న గాళ్లు, ఎక్కడో చీలిక ఉంటాయి. దాన్నుంచి 10 అడుగుల పలక నికరంగా ఒక్కటి తీయడం కూడా కష్టమే. 15 అంగుళాల ముక్కలైతే చెడ్డ చోటు వదిలేసి, మంచి చోట కోసుకుంటూ పోవచ్చు. పాత కలపను పొయ్యి పాలు కాకుండా కాపాడేది ఈ పద్ధతే. చెక్క ఉబ్బడం, కుంచించుకోవడం కూడా ఇందులో ఒకే వైపుకు పోగుపడదు. ముక్కలు రెండు దిక్కులకు ఉంటాయి కాబట్టి కదలిక రెండు దిక్కులకూ పంచుకుంటుంది.

ఫ్రాన్సులో వెర్సాయ్ రాజభవనానిది ఇలాంటి కథే. అక్కడ మేడ గదుల్లో పాలరాతి నేలలుండేవి. వాటిని కడగడానికి పోసిన నీళ్లు సందుల్లోంచి దిగి కింద ఉన్న కలప దూలాలను కుళ్లబెట్టాయి. 1684లో ఆ రాళ్లు తీసేసి చెక్క ముక్కలతో చతురస్రాలుగా అల్లిన పార్కే నేలలు పరిచారు. ఆ అల్లికను ఈనాటికీ వెర్సాయ్ పేరుతోనే పిలుస్తారు. చెక్క నేలను కడగకూడదు, తుడవాలి అన్న సూత్రం ఆ రాజభవనానికి ఎంత నిజమో మన ఇళ్లకూ అంతే నిజం. మన దేశంలోనూ పెద్ద భవనాలకు కలప, వెదురు వాడుతున్నారు. 2023 మే 28న ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనానికి నాగపూర్ నుంచి టేకు తెచ్చారు, త్రిపుర నుంచి వెదురు ఫ్లోరింగ్ తెచ్చారు.

కలప లెక్క చెబుతాను, ఇల్లు విప్పించుకునేవారికి పనికొస్తుంది. గది వెడల్పు 12 అడుగులు, పొడవు 14 అడుగులు అనుకుందాం, 168 చదరపు అడుగులు. ముక్క 3 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు, ముప్పావు అంగుళం మందం. ఇలాంటివి 538 పడతాయి. గోడల వెంట ఏటవాలుగా కోసినప్పుడు పోయే తరుగు కలిపి 600 చేయించుకోవాలి. దూలం నుంచి పలకగా కోసేటప్పుడు రంపం తినేది, చిత్రిక పట్టినప్పుడు పోయేది, పనికిరాని చోట్లు అన్నీ లెక్కేసుకుంటే 18 నుంచి 20 ఘనపుటడుగుల కలప కావాలి. 6 అంగుళాలకు 8 అంగుళాలుండి, 14 అడుగుల పొడవున్న దూలంలో 4.67 ఘనపుటడుగులు ఉంటుంది. అలాంటివి నాలుగు దూలాలుంటే ఒక గది నేల అయిపోతుంది. గుత్త ధరకు అమ్మేసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

పాత కలప అనగానే సామిల్లు వాళ్లు జంకుతారు. వాళ్ల భయం న్యాయమైనదే. లోపల దాక్కున్న ఒక్క మేకు తగిలినా బ్యాండ్‌సా బ్లేడు పాడవుతుంది, పక్కనున్న మనిషికీ ప్రమాదం. మా గది నేల వేసిన వడ్రంగి మేస్త్రి దూలాలను మిల్లుకు పంపే ముందు ఎండలో వరసగా పరిపించి, బలమైన అయస్కాంతం దారానికి కట్టి ప్రతి దూలం మీదా నాలుగు వైపులా జరిపాడు. అయస్కాంతం ఆగిన చోటల్లా సుద్దతో గుండ్రం గీయడం, ఉలితో చుట్టూ తవ్వి మేకు పీకడం. తలలు విరిగిపోయి లోపలే ఉండిపోయిన పాత చేతి మేకులు కూడా అలాగే దొరికాయి. కోత కోశాక లోపల బయటపడిన కలప రంగు చూసి ఆయనే అన్నాడు: "చేవంటే ఇదండి అమ్మగారూ. ఇప్పుడొచ్చే తోట టేకులో సగం తెల్ల చెక్కేనండి."

ఆ మాటలో నిజముంది. టేకు మానులో నడిమి భాగమైన చేవకే చెదలను, తేమను తట్టుకునే గుణం ఎక్కువ. బెరడు పక్కనుండే తెల్ల చెక్కకు ఆ శక్తి లేదు. వయసు ముదరకుండా కొట్టిన తోట టేకులో తెల్ల చెక్క పాలు ఎక్కువ. ఒకప్పుడు భద్రాచలం అడవుల టేకు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దిగేది. ఆ అడవి దుంగలు ఇప్పుడు రావు. తెలంగాణలో చాలామంది బల్లార్షా టేకు కోసం చూస్తారు. ఇక బర్మా టేకు మాట చూస్తే, మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. అందుకే షాపులో ఎవరైనా బర్మా దుంగ అంటే కాగితాలు చూపించమనండి. బిల్లు లేని కలప కొనడమంటే ఎక్కడో అడవిలో దొంగ గొడ్డలికి కూలి ఇవ్వడమే. పాత ఇంటి కలపకు ఆ పాపం లేదు, అది ఆరి ఆరి గట్టిపడింది కూడా. దాన్ని ఊరు దాటించే ముందు అటవీ అధికారులను అడిగి, అవసరమైన కాగితం తీసుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు శత్రువు సంగతి. అది తేమ. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. ఎంత పాతదైనా, ఎంత ఆరినా ఈ గుణం పోదు. నిలువునా పెరుగుదల దాదాపు ఉండదు, వెడల్పులో ఉంటుంది. టేకు పలకలు 12 అడుగుల వెడల్పున పక్కపక్కన పరిచి, వాటిలో తేమ 4 శాతం పెరిగితే, కాగితం మీది లెక్క ప్రకారం ఆ వెడల్పు దాదాపు అంగుళం పెరగగలదు. జిగురు పట్టి ఉంచడం వల్ల అంతా బయటపడదు గానీ ఆ బలం అక్కడే ఉంటుంది. గోడ దగ్గర ఖాళీ లేకపోతే నేల మధ్యలో పైకి లేస్తుంది. అందుకే నాలుగు గోడల వెంటా అర అంగుళం ఖాళీ వదిలి, దాని మీద స్కర్టింగ్ చెక్క కప్పాలి. ఖాళీ అందంగా లేదని లప్పం పెట్టి పూడ్పించుకునేవాళ్లను చూశాను. అది నేలకు ఊపిరి ఆపడమే.

కింద కాంక్రీటు ఆరిందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. స్లాబు వేశాక 28 రోజులు అని మనందరి నోటా ఉంటుంది. ఆ 28 రోజులు బలం లెక్క, ఆరిపోయిన లెక్క కాదు. పైన వేసే సిమెంటు పూత 2 అంగుళాల దాకా ఉంటే, గాలి బాగా ఆడే పొడి వాతావరణంలో రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుందని ఫ్లోరింగ్ పనివాళ్ల లెక్క. అంటే 2 అంగుళాలకు 50 రోజులు. వానాకాలంలో అయితే ఆ లెక్కా పని చేయదు.

పరీక్ష చేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అడుగున్నర చదరం పాలిథీన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు లోపలి వైపు నీటి చుక్కలు కనిపించినా, కింద సిమెంటు నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. గది మధ్యన ఒకటి, బాత్రూం గోడ వైపు ఒకటి, బయటి గోడ వైపు ఒకటి పెట్టి చూడాలి. చెక్కలో తేమకు చిన్న మీటరు వస్తుంది. రెండు సూదులు గుచ్చితే శాతం చూపిస్తుంది. కలపను అదే గదిలో సందులు వదిలి పేర్చి, మీటరు అంకె రోజూ ఒకే చోట నిలిచేదాకా ఆగాలి. కోస్తాలో నిలిచే అంకె, ఆదిలాబాద్‌లో నిలిచే అంకె ఒకటి కావు. కలపలో ఉండదగ్గ తేమ కోసం భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసింది అందుకే.

మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో ఫ్లాటు కొని, హెరింగ్‌బోన్ నేల వేయించుకున్నాడు. గృహప్రవేశం ముహూర్తానికి పని పూర్తి కావాలని పట్టు. పైపూత తడి పోకముందే ఏసీలు పెట్టి పని ముగించారు. మొదటి వానాకాలానికే కిటికీ పక్కన ముక్కలు ఉబ్బి లేచాయి, నడిస్తే డొల్లగా చప్పుడు. "అత్తా, చెక్క మంచిది కాదేమో" అన్నాడు వాడు. చెక్క మంచిదే. ముహూర్తానికి తలవంచి తడి కాంక్రీటు మీద దాన్ని పడుకోబెట్టారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. మన తెలుగిళ్లలో ఇంటి పనులన్నీ గృహప్రవేశం తేదీ చుట్టూ తిరుగుతాయి. ఆ రోజు పాలు పొంగిస్తాం, హోమం చేస్తాం, కొందరు ఆవును లోపలికి తెస్తారు, వందమంది వచ్చి భోంచేసి వెళతారు. అవన్నీ రాతి నేల మీద హాయిగా జరిగే పనులు. చెక్క నేల వేయాల్సిన గదిని ఆ రోజుకు సిమెంటు నేలగానే వదిలేయండి. చుట్టాలెవరూ తప్పుపట్టరు. గృహప్రవేశం అయ్యాక, ఒక వానాకాలం గడిచి, గోడల చెమ్మ పోయి, సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టండి. నడివేసవిలో వేస్తే చెక్క బాగా కుంచించుకుని ఉంటుంది, వానలకు ఉబ్బి ఒరుసుకుంటుంది. ముసురులో వేస్తే ఉబ్బి ఉంటుంది, వేసవికి సందులు పడతాయి. రెండింటికీ నడిమి కాలం మంచిది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటాం అంటే నేను ఈ మాటే పెట్టుకోమంటాను.

పని జరిగే తీరు కూడా చెబుతాను. మాది పాత స్లాబు, మేడ మీద గది, కాబట్టి కింద నుంచి నేల చెమ్మ లేదు. అయినా ఎపాక్సీ పూత ఒకటి వేయించాం. దాని మీద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, షాపుల్లో 710 అని అడిగితే ఇచ్చేది, ముక్కకూ ముక్కకూ మధ్య సన్నని సందు వదిలి బిగించారు. ప్లై, దాని మీద ముప్పావు అంగుళం చెక్క, రెండూ కలిపి నేల అంగుళంపావు లేస్తుంది. ముందే తలుపుల అడుగు కోయాలి, గడప ఎత్తు చూసుకోవాలి. గడప కన్నా నేల ఎత్తైపోతే కాలు తట్టుకుంటుంది, పసుపు రాసే గడప మునిగిపోయినట్టు కనిపిస్తుంది. ఈ లెక్క ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రికి చెప్పాలి.

హెరింగ్‌బోన్‌లో ముక్కలన్నీ ఒకేలా కనిపించినా అవి రెండు రకాలు, ఎడమవి, కుడివి. ఒకదాని అంచున గాడి ఉంటే పక్కదాని అంచున ఆ గాడిలో కూర్చునే నాలుక ఉంటుంది. సగం అవి, సగం ఇవి తయారుచేయాలి. మా మేస్త్రి మొదట ఒక అచ్చు చేసుకున్నాడు, మూడు వైపులా పట్టీ కొట్టిన చిన్న పెట్టె. ప్రతి ముక్కా అందులో కదలకుండా, బిగుసుకోకుండా కూర్చోవాలి. కూర్చోనిది పక్కన పడేయడమే. ఇంత పట్టింపు ఎందుకంటే, 14 అడుగుల గదిలో ఒక బారున దాదాపు 40 వరసలు వస్తాయి. ఎడమ ముక్కలు కుడి ముక్కల కన్నా అర మిల్లీమీటరు వెడల్పు ఉంటే ఆ చివరకు తేడా అంగుళం దాటుతుంది. అదంతా సందులుగా బయటపడుతుంది.

తర్వాత గీత. ఏ గోడనూ నమ్మకూడదు. మన గోడలు ఏవీ మూలమట్టానికి సరిగ్గా నిలవవు. గది నడిమిన సుద్దదారం కొట్టి, 3, 4, 5 అడుగుల కొలతతో లంబం సరిచూసి, ఆ గీతకు 45 డిగ్రీల మీద మొదటి ముక్కలు పెట్టాలి. మా మేస్త్రి ఒక పూటంతా జిగురు డబ్బా తెరవలేదు. వట్టి ముక్కలు పేర్చాడు, గుమ్మంలో నిలబడి చూశాడు, తీశాడు, గీతను వేలెడంత కిటికీ వైపు జరిపి మళ్లీ పేర్చాడు. రెండు గోడల దగ్గరా కోత ముక్కలు ఒకే సైజులో పడాలన్నది ఆయన పంతం. ఎందుకింత సేపని నేను అడగకముందే ఆయన అన్నాడు: "మొదటి వరస తప్పితే, ఆ చివర ఎవరొచ్చినా సరిచెయ్యలేరండి." ఆ వరస కుదిరాక పని తనంతట తానే నడిచింది. టేకుకు సహజంగా నూనె ఉంటుంది, జిగురు పట్టనివ్వదు. అందుకని ప్రతి ముక్క అడుగునా థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరాక అతికించారు. వాడింది ఎండినా కాస్త సాగే గుణమున్న ఫ్లోరింగ్ జిగురు. మామూలు తెల్ల జిగురు ఈ పనికి రాదు.

అరగదీయడంలో ఇంకో సూక్ష్మం. చెక్కను ఎప్పుడూ పోగు వెంటే అరగదీయాలంటారు. ఇందులో పోగు రెండు దిక్కులకు పోతుంది. అందువల్ల యంత్రాన్ని అల్లిక బారు వెంట, అంటే రెండింటికీ సమానమైన ఏటవాలులో నడిపి, చివరన గుండ్రంగా తిరిగే చిన్న యంత్రంతో గీతలు పోగొట్టాలి. ఇసుక కాగితం 40 నంబరుతో మొదలుపెట్టి 60, 80, 120 దాకా మెట్టు మెట్టుగా వెళ్లాలి, మధ్యలో ఒకటి దాటేస్తే పాలిష్ పెట్టాక గీతలు తేలతాయి. టేకు పొడి చర్మానికి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. పనివాళ్లకు మాస్కులు కొనివ్వడం ఇంటివాళ్ల బాధ్యత, పనివాడి ఖర్చు కాదు. అవిసె నూనె కలిసిన పాలిష్ వాడితే ఆ గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి, బయట పరిచి ఆరబెట్టాలి.

ఇప్పుడు కూలి సంగతి, నా మనసులో బరువైన మాట. ఈ పనిని చదరపు అడుగుకు ఇంతని గుత్తకు ఇస్తున్నారు. గుత్తలో వడ్రంగికి గిట్టుబాటు కావాలంటే వేగంగా వేయాలి. అచ్చులో కూర్చోని ముక్కను పడేస్తే ఆయనకే నష్టం. గీత కోసం పూటంతా ఆలోచిస్తే ఆ పూట కూలి పోయినట్టే. మంచి పనికి జరిమానా వేసే పద్ధతి ఇది. అల్లిక నేలకు రోజుకూలీ ఇవ్వాలి, అదీ మామూలు రోజుకూలీ కన్నా ఎక్కువ ఇవ్వాలి. ఒక గదికి నాలుగు రోజులు ఎక్కువైతే వచ్చే అదనపు ఖర్చు, లేచిపోయిన నేల పీకి మళ్లీ వేయించే ఖర్చులో చిన్న భాగం.

మాడ్యులర్ వంటగదులు, ఫ్యాక్టరీ తలుపులు, యూపీవీసీ కిటికీలు వచ్చాక మన వడ్రంగులకు బిగింపు పనే మిగిలింది. బొబ్బిలి వీణకు పనస, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు, కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి అని ఏ పనికి ఏ కర్రో తేల్చి చెప్పిన నేల ఇది. ఆ జ్ఞానం ఉన్న చేతులు ప్లై షీటుకు స్క్రూలు బిగిస్తూ వయసు మళ్లిపోతున్నాయి. వాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావడం లేదంటే తప్పు వాళ్లది కాదు. చేయి తిరిగిన పనికి మనం విలువ కట్టకపోవడం వల్ల వచ్చిన ఫలితం ఇది. అల్లిక నేల లాంటి పనులు మళ్లీ వాళ్ల నైపుణ్యానికి చోటిస్తున్నాయి. ఆ చోటును తక్కువ ధర గుత్తలతో మూసేయకూడదు.

ప్రభుత్వం చేయగలిగింది కూడా ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉన్నాయి. ఆ శిక్షణలో కలప తేమ కొలవడం, కాంక్రీటు చెమ్మ పరీక్ష, అల్లిక నేల వేయడం చేర్చాలి. కొన్ని వేల రూపాయలకు దొరికే తేమ మీటరు పనిముట్ల పెట్టెలో ఉండాలి. ఐటీఐల్లో వడ్రంగం నేర్చుకునే పిల్లలకు కూడా పాత కలపతో ఒక గది నేల వేయించి చూపిస్తే, ఆ ఒక్క పనిలోనే కొలత, కోత, కూర్పు, పాలిష్ అన్నీ వచ్చేస్తాయి.

చెక్క నేల అందరికీ, అన్ని గదులకూ కావాలని నేను చెప్పడం లేదు. వంటగదికి, దేవుడి గదికి, నీళ్లు పడే చోటుకు తాండూరు బండో, కడప బండో, టైల్సో మేలు. పండగకు బకెట్లతో కడిగే హాలుకు చెక్క వద్దు. ఎక్కువసేపు కూర్చునే, నడిచే, పడుకునే ఒక్క గదికి వేయించుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, నేల మీద ఆడుకునే పిల్లలకు రాయికీ చెక్కకూ ఉన్న తేడా పాదం మోపగానే తెలుస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు చెక్క నేలకు పెద్ద రక్ష. పాలిష్‌ను ముందుగా తినేసేది చెప్పుల కింది ఇసుకే. రోజూ మెత్తటి చీపురుతో ఊడ్చి, గట్టిగా పిండిన గుడ్డతో అప్పుడప్పుడు తుడిస్తే చాలు. కుర్చీ కాళ్లకు మెత్తటి ఫెల్ట్ అంటించండి.

చివరగా రెండు విన్నపాలు. ఊళ్లో పాత ఇల్లు విప్పించబోతున్నవారు, కలప కొనేవాళ్లను పిలిచే ముందు ఒక మంచి వడ్రంగిని పిలిచి దూలాలు చూపించండి. కొత్త ఇంట్లో చెక్క నేల అనుకుంటున్నవారు, ఆ వడ్రంగికి ముహూర్తం తేదీ చెప్పకండి, గది తాళం చెవి ఇవ్వండి.